నాన్న చేతిగుడ్డ

పిల్లలూ, పోయిన ఆదివారం మనందరం ఫోన్లో కలిసినప్పుడు నేను మధ్యలో మాట్లాడటం మానేశాను. మీ అమ్మ సిగ్నల్ పోయిందేమో అనుకుని రెండుసార్లు హలో హలో అంది. సిగ్నల్ పోలేదు. నాకే నోరు పెగల్లేదు.

ఎందుకో చెబుతాను. తొందరేం లేదు. ఇక్కడ అమెరికాలో, ఈ నోవై ఊళ్ళో కిటికీ బయట మంచు మోకాలెత్తు పడి ఉంది. మీ అమ్మ ఆఫీస్‌కి డ్రైవ్ చేసుకుని వెళ్ళిపోయింది. మీ తెలుగుకి అందేలా నెమ్మదిగానే చెబుతాను.

ఆ రోజు పెద్దదానివి నువ్వు అల్ఫారెట్టా నుంచి, శనివారాలు హాస్పిటల్‌కి వెళ్ళి పసిపిల్లల్ని ఎత్తుకుని కూచుంటున్నానని చెప్పావు. కడుపులో ఉండగానే తల్లులు మింగిన నొప్పి మాత్రలకి అలవాటుపడి పుట్టిన పిల్లలని అన్నావు. "వాళ్ళు స్నీజ్ చేస్తారు అమ్మమ్మా, చాలా స్నీజ్ చేస్తారు. ఆవలిస్తారు. కోల్డ్ ఏం ఉండదు. ఏడుపు మాత్రం ఆపరు. నేను ఎత్తుకుంటాను, అంతే" అన్నావు. చిన్నాడు, మరి మందు ఇవ్వరా అని అడిగాడు. అదే రకం మందు చుక్కల్లో ఇచ్చి, రోజురోజుకీ తగ్గిస్తారని చెప్పావు.

అప్పుడు మీ పార్సిప్పనీ తాతయ్య, అంటే నా తమ్ముడు, అందుకున్నాడు. "అది రక్తంలో ఉంటుందమ్మా. మా నాన్నా అదే బాపతు. నల్లమందు తినేవాడు. అందుకే నేను జన్మలో కాఫీ కూడా ముట్టుకోలేదు" అన్నాడు.

మీరంతా నిజమా తాతయ్యా అని అడుగుతున్నారు. వాడు ఊరంతా చెప్పుకున్న కథ చెబుతున్నాడు. నేను ఫోన్ పట్టుకుని అలాగే ఉండిపోయాను. డెబ్భై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని మాట ఒకటి నా దగ్గరుంది.

మా ఊరు గోదావరి ఒడ్డున, కొండలు మొదలయ్యే చోట ఉండేది. తెల్లవాళ్ళ ప్రభుత్వం. మా నాన్నకి నల్లమందు కొట్టు ఉండేది. దొంగతనంగా కాదు. గోడ మీద సర్కారు లైసెన్సు అద్దం కట్టించి వేలాడదీసి ఉండేది. ఉప్పుకీ సారాకీ ఉన్నట్టే నల్లమందుకీ సర్కారు కొట్లుండేవి. సరుకు తాలూకా ఖజానా నుంచి వచ్చేది. స్టాంపు కాగితాలూ నల్లమందూ అక్కడ ఒకే ఇనప తలుపు వెనకాల ఉండేవట. నూనె కాగితంలో చుట్టిన ముద్దలు, తాటిబెల్లం పాకం మాడితే ఎలా ఉంటుందో ఆ రంగు. వాసన మాత్రం చెప్పలేను. తడిసిన గడ్డీ, పాత చింతపండూ, ఎక్కడో కొంచెం పువ్వూ. చేతికంటితే వదలని వాసన. నాన్న దగ్గరికి వెళితే ముందు ఆ వాసనే పలకరించేది.

కొట్లో ఒక బోర్డు ఉండేది. ఇంగ్లీషు పైన, తెలుగు కింద. ఒక్కొక్క మనిషికి ఇంతకంటే ఎక్కువ అమ్మరాదు. పిల్లలకు అమ్మరాదు. కొట్టులో కూర్చుని తినరాదు. ధాన్యమునకు గానీ బట్టకు గానీ బదులు ఇవ్వరాదు. కొట్టు పట్టినవాడు మందు అలవాటు ఉన్నవాడై ఉండరాదు. నేను అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నది ఆ బోర్డు మీదే. మిగతా పిల్లలు పెద్దబాలశిక్ష వల్లె వేస్తుంటే నేను "అమ్మరాదు, తినరాదు, ఉండరాదు" అని రాగం తీసేదాన్ని. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు గారు ఒకసారి నన్ను స్టూలు ఎక్కించి ఒప్పజెప్పించుకున్నారు. ఒక్క తప్పు లేకుండా చెప్పాను. జేబులోంచి పిప్పర్మెంటు బిళ్ళ తీసి ఇచ్చి, "షావుకారుగారూ, మీ అమ్మాయి మా డిపార్టుమెంటుకి పనికొస్తుంది" అన్నారు. ఆ బిళ్ళ సగం నాకి, కాగితంలో చుట్టి వారం రోజులు దాచుకున్నాను. చివరికి చీమలు తిన్నాయి.

కొట్టు అరుగు మీద తాతలు కూచునేవాళ్ళు. పడవ సరంగు ఒకాయన, రిటైరైన బడిపంతులు ఒకాయన, బండి తోలే ఆయన, సంత రోజైతే కొండ దిగి వచ్చినవాళ్ళు. పొద్దున్నే వచ్చి, కొట్టు తెరిచేదాకా ఆకాశంకేసి చూస్తూ ఉండేవాళ్ళు. నాన్న సన్నటి కత్తితో ముద్ద కోసి, చిన్న ఇత్తడి తక్కెడలో తూచి, మోదుగాకులో పెట్టి ఇచ్చేవాడు. సరంగు తాత రోజూ ఒకటే అడిగేవాడు.

"బాబూ, గోరుమందం ఎక్కువ కొయ్యి. చచ్చి నీ కడుపున పుడతాను."

"వద్దులే. పుట్టి మళ్ళీ నన్నే అడుగుతావు" అనేవాడు నాన్న, కత్తి మీంచి కన్ను తియ్యకుండా.

నాన్న దగ్గర పాత డబ్బాలో గురివింద గింజలుండేవి. సర్కారు ఇత్తడి తూనికరాళ్ళు రాకముందు వాటితోనే తూచేవారట. నేను ఆ గింజలు దొంగిలించి బొమ్మలకి కళ్ళు పెట్టేదాన్ని. నాన్నకి తెలుసు. ఏమీ అనేవాడు కాదు. కానీ తక్కెడ ముట్టుకుంటే మాత్రం చెయ్యి మీద ఒక్కటి పడేది.

ఇంట్లో నాన్నది ఒకటే పట్టుదల. ఆ మందు మా గడప దాటి లోపలికి రాకూడదు. కొట్టు కట్టేసి పెరటి దారిన వచ్చి, బావి దగ్గర స్నానం చేసి, పంచె మార్చుకున్నాకే మమ్మల్ని ముట్టుకునేవాడు. గోళ్ళలో ఇరుక్కున్నది వేపపుల్లతో తీసేవాడు. రోజంతా కత్తీ, తక్కెడ పళ్ళెం, వేళ్ళూ తుడుచుకునే తడిగుడ్డ ఒకటి ఉండేది. దాన్ని కొట్లో వదిలేవాడు కాదు. వదిలితే తాతలు అడిగి పట్టుకెళ్ళి నీళ్ళలో నానేసుకుని తాగుతారు. బోర్డు మీద గుడ్డ సంగతి లేదు. అయినా నాన్నే తనకో రూలు పెట్టుకున్నాడు. సాయంత్రం గుడ్డ మడిచి ఇంటికి తెచ్చి పెరట్లో రాతి మీద పెట్టేవాడు. దాన్ని మా నీళ్ళమామ్మ ఉతికేది.

నీళ్ళమామ్మ అంటే ఊళ్ళో పురుళ్ళు పోసే ముసలావిడ. పుట్టిన పిల్లలకి నీళ్ళు పోసేది కాబట్టి పిల్లలందరికీ నీళ్ళమామ్మ. నాకూ ఆవిడే పోసింది. కాళ్ళు చాపుకుని పీట మీద కూచుని, పిల్లవాణ్ణి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, ఆముదం మర్దనా చేసి, వేడినీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి, ఉగ్గుగిన్నెతో ఉగ్గు పట్టేది. ఆ పొగా, ఆముదం, అమ్మ తినే వెల్లుల్లి కారం, సొంఠి. పురిటిల్లంటే నాకిప్పటికీ ఆ వాసనే.

ఆ ఏడు మా తమ్ముడికి అయిదో నెల. బంగారం లాంటి పిల్లవాడని ఊరంతా చెప్పుకునేవాళ్ళు. ఏడుపే ఎరగడు. నీళ్ళు పోసి ఉయ్యాల్లో వేస్తే మళ్ళీ అమ్మ అన్నం తిని లేచేదాకా కదిలేవాడు కాదు. అమ్మకి ఆ కాన్పు కష్టమై నడుం నిలబడేది కాదు. నిద్రపోయే పిల్లవాణ్ణి ఇచ్చాడు దేవుడు అని నాయనమ్మ రోజూ దణ్ణం పెట్టుకునేది.

వానలు మొదలయ్యాయి. గోదారికి ఎర్రనీళ్ళు వచ్చాయి. అప్పుడే సర్కారు నుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. ఇక మీదట ఎవరు పడితే వాళ్ళకి మందు అమ్మకూడదు. ఊళ్ళో అలవాటున్నవాళ్ళ పేర్లన్నీ జాబితా రాయాలి. డాక్టరు చూసి అలవాటు నిజమే అని సంతకం పెట్టాలి. చీటీ ఉన్నవాళ్ళకే మందు. కొత్తవాళ్ళకి లేదు. ఆ పని మీద ఇన్‌స్పెక్టరు గారు లాంచీలో వచ్చి ముసాఫిరు బంగళాలో దిగారు. జాబితా తేలేదాకా కొట్లో ఉన్న సరుకంతా పెట్టెలో పెట్టి, లక్కముద్ర వేశారు. ఒక్కరోజు పనే అన్నారు. ఆ రోజే గోదారి పోటెత్తింది. ఊరి డాక్టరు అవతలి ఒడ్డున చిక్కుకుపోయాడు. ఆయన సంతకం లేకుండా జాబితా కదలదు. ఒక్కరోజు మూడు రోజులయింది.

సరిగ్గా అంతకు ముందే నీళ్ళమామ్మ, మర్నాడు ఉగ్గు వేళకి వచ్చేస్తానని చెప్పి, కూతురి పురుడని పక్క ఊరు వెళ్ళింది. వెళుతూ వెళుతూ నన్ను పిలిచి, తమ్ముడి ఉగ్గుగిన్నె ఎక్కడుంటుందో చూపించింది. పెరట్లో గుడ్డలు రెండున్నాయి, తడిపి పెట్టాను, నేనొచ్చేదాకా వాటి జోలికెళ్ళకు అంది.

పిల్లలూ, ఆ మాట నేను విన్నాను. కానీ ఇన్‌స్పెక్టరు గారు మెచ్చుకున్న పిల్లని కదా. నాన్న చేతికంటిన మందు ఇంట్లో ఉండకూడదని నాకు తెలుసు. అమ్మ మంచం మీద ఉంది. నేను పెద్దదాన్ని, తొమ్మిదేళ్ళదాన్ని. రెండు గుడ్డలూ బావి దగ్గరికి తీసుకెళ్ళి, కుంకుడుకాయ పులుసు పోసి నానబెట్టి, బూడిదతో రుద్ది, రాతి మీద బాది బాది ఉతికాను. ముదురు కాఫీ రంగు గుడ్డలు. మూడు నీళ్ళు మార్చాను. చివరికి మల్లెపువ్వులా తేలాయి. వానకి తడవకుండా వసారాలో దండెం మీద ఆరేసి, నాన్న వచ్చి చూస్తాడని ఎదురు చూశాను. నాన్న చూసి తలమీద చెయ్యి వేశాడు. అంతకంటే పెద్ద మెప్పు మా ఇంట్లో లేదు.

మర్నాడు పొద్దున తమ్ముడు ఏడవడం మొదలుపెట్టాడు.

పెద్దదానా, నువ్వు ఆ ఏడుపు విన్నావు. అందుకే నీకు వర్ణించి చెప్పనక్కర్లేదు. మామూలు ఏడుపుకి మధ్యలో ఊపిరి ఉంటుంది. దానికి లేదు. సన్నగా, సూదిలా, ఇంట్లో ఏ మూలకి వెళ్ళినా వెంట వచ్చేది. పాలు పట్టబోతే నోట్లో పెట్టుకుని వదిలేసేవాడు. పిడికిళ్ళు చీకేవాడు. ఒళ్ళు వణికేది. విరేచనాలు పట్టుకున్నాయి. మధ్యమధ్యలో తుమ్ములు. ఒకటి కాదు, రెండు కాదు. తుమ్మినప్పుడల్లా నాయనమ్మ "చిరంజీవ" అనేది. మొదటి పూట ప్రతి తుమ్ముకీ అంది. రెండో పూటకి గొంతు పోయి, "ఎన్నని అననురా నాయనా" అని కళ్ళు తుడుచుకుంది.

జలుబన్నారు. వస అరగదీసి నాకించారు. వాము కాచిన నీళ్ళు పోశారు. దిష్టన్నారు. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశారు. మిరపకాయల ఘాటు రాలేదు కాబట్టి దిష్టేనని తేల్చారు. పొరుగావిడ బాలగ్రహమేమో అంది. రెండో రోజు సాయంత్రానికి వాడి కళ్ళు లోతుకి పోయాయి. మాడు మీద మెత్తటి చోటు గుంటపడింది. అమ్మ ఆ గుంట మీద వేలు పెట్టి, మళ్ళీ తీసేసి, మళ్ళీ పెట్టేది.

మూడో రోజు పొద్దున అమ్మ నన్ను నాన్న దగ్గరికి పరిగెత్తించింది. డాక్టరు వచ్చాడేమో కనుక్కురమ్మంది. నాన్న మూసిన కొట్టు దగ్గర ఉన్నాడు. అరుగు మీద తాతలు వరసగా ఉన్నారు. మూడు రోజులుగా మందు లేదు వాళ్ళకి. సరంగు తాత గోడకి ఆనుకుని వణుకుతున్నాడు. ముక్కూ కళ్ళూ కారుతున్నాయి. పంతులు తాత దవడలు విరిగేలా ఆవలిస్తున్నాడు. బండి తాత తుమ్ముతున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆగి మళ్ళీ.

నేను అక్కడే నిలబడిపోయాను. మా ఇంట్లో ఉయ్యాల దగ్గర నుంచి వచ్చాను కదా. అదే తుమ్ము. అదే ఆవలింత. అదే వణుకు.

నాన్న చెయ్యి పట్టుకుని మెల్లిగా అన్నాను. "నాన్నా, తమ్ముడు అచ్చం వీళ్ళలాగే తుమ్ముతున్నాడు."

నాన్న నాకేసి చూశాడు. తర్వాత తాతల కేసి చూశాడు. ఆయన ముఖంలో రంగు పోవడం నేను చూశాను. నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఇంటికి నడిచాడు. ఆ నడకకి నేను పరిగెత్తాల్సి వచ్చింది.

ఇంటికి వెళ్ళేసరికి నీళ్ళమామ్మ వచ్చి ఉంది. కూతురి కాన్పు ఆలస్యమై అక్కడే ఆగిపోయిందట, కబురు తెలిసి వానలో నడిచి వచ్చింది. చీర అంచుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. తమ్ముణ్ణి ఒళ్ళో వేసుకుని, పెరట్లోకి చూస్తూ, నన్ను అడిగింది.

"గుడ్డలేయమ్మా?"

"ఉతికేశాను మామ్మా."

"రెండూనా?"

నేను వసారాలో దండెం చూపించాను. తెల్లగా ఊగుతున్నాయి. ఆవిడ వాటిని చూసి నెత్తిన చేతులు పెట్టుకుంది. నాన్న గుమ్మంలో ఉన్నాడు. అంతా విన్నాడు.

ఆవిడ దాచలేదు. దాచాలని ఆవిడకి తోచలేదు. రోజూ పొద్దున్నే ఆ గుడ్డ కొస ఉగ్గుగిన్నెలో ముంచి, పాలలో పిండి, ఒక చుక్క పట్టేదట. ఊళ్ళో అందరిళ్ళలోనూ అంతేనట. నాట్లకి వెళ్ళే ఆడవాళ్ళు ఆవగింజంత పెట్టి పిల్లల్ని గట్టు మీద పడుకోబెట్టి వెళతారట. వాళ్ళకైతే మొగాళ్ళు కొన్నదాంట్లోంచి గిల్లి ఇవ్వాలి, మీ ఇంట్లో ఆ బాధ లేదు, బాబుగోరి గుడ్డే వస్తుంది అంది. ఎంత మామూలుగా అందంటే, నాయనమ్మ కూడా తల దించుకుంది. నాయనమ్మకి తెలుసన్నమాట. అమ్మ నాయనమ్మ కేసి చూసిన చూపు నేను మర్చిపోలేదు.

నాన్న, "నా ఇంట్లోనా" అని మాత్రం అన్నాడు.

"నేనేం కొత్తగా సేసేనా బాబూ" అంది మామ్మ. నన్ను దగ్గరికి లాక్కుని గడ్డం పట్టుకుని చూపించింది. "ఇదిగో, ఈ పిల్లకీ పట్టేను. రెండేళ్ళు వొచ్చేదాకా పట్టేను. సదువు రాలేదా దీనికి? బోర్డంతా గడగడా సదవట్లేదా?"

పిల్లలూ, ఆ నిమిషం నాకిప్పటికీ నిన్నటిలా ఉంది. బోర్డు మీద నేను వేలు పెట్టి చదివిన మాటలు కళ్ళ ముందు తిరిగాయి. పిల్లలకు అమ్మరాదు. నాన్న ఏ పిల్లకీ అమ్మలేదు. ఒక్క గోరుమందం ఎక్కువ ఎవరికీ కొయ్యలేదు. గోళ్ళు వేపపుల్లతో గీక్కునేవాడు. ఆయన తెచ్చిన గుడ్డే నా నోట్లోకీ, తమ్ముడి నోట్లోకీ వచ్చింది. జాబితాలో ముసలాళ్ళ పేర్లు రాస్తున్నారు. ఊరి ఉయ్యాలలన్నీ ఆ జాబితా బయట ఉన్నాయి.

మధ్యాహ్నానికి డాక్టరు పడవలో దాటి వచ్చాడు. సన్నగా, కళ్ళజోడుతో, కుర్రవాడే. తమ్ముణ్ణి చూసి, విషయం విని, తిట్టలేదు. ఒక్కసారిగా ఆపితే ఈ బలహీనానికి ప్రాణం నిలవదు, కొంచెం కొంచెం తగ్గిస్తూ నెలల మీద మాన్పించాలి అన్నాడు. హాస్పిటల్ మందు పట్నం నుంచి రావాలి, లాంచీలు ఎప్పుడు తిరుగుతాయో తెలీదు అన్నాడు.

అమ్మ మంచం మీంచే అడిగింది. "ఏవండీ, పెట్టె మీదేగా ముద్ర. సందులోంచి ఒక్క ఆవగింజంత తీస్తే ఎవరికి తెలుస్తుంది?"

నాన్న చాలాసేపు దండెం మీద గుడ్డల్ని చూశాడు. "తెలీకుండా వచ్చిందేగా వీణ్ణి పట్టుకున్నది. ఇక మీదట తెలిసే రావాలి" అన్నాడు.

ముద్ర విప్పాక తాతల్ని ఎవరినన్నా అడగమంది నాయనమ్మ. వాళ్ళకి తూచి ఇచ్చేది వాళ్ళ ప్రాణానికి బొటాబొటీగా సరిపోయేంత, అందులో గిల్లమని ఎలా అడగను అన్నాడు. ఉన్నమాట ఇన్‌స్పెక్టరు గారికి చెప్పేయండి అంది అమ్మ. చెబితే మామ్మని కేసులో పెడతారు. రేపటి నుంచి ఊళ్ళో తల్లులందరినీ పోలీసులు నిలబెడతారు. అదీ కాదన్నాడు.

నా చెయ్యి పట్టుకుని బంగళాకి బయల్దేరాడు. నన్నెందుకు తీసుకెళ్ళాడో తెలీదు. ఒంటరిగా వెళ్ళలేకేమో అని ఇప్పుడనిపిస్తుంది. డాక్టరు మాతోనే వచ్చాడు. బంగళా వరండాలో తాతలంతా వరసలో ఉన్నారు. ఒక్కొక్కళ్ళ పేరు, వయసు, ఎన్నాళ్ళ అలవాటు అని రాసి వేలిముద్ర వేయిస్తున్నారు. నాన్నకి పక్కన కుర్చీ వేశారు, కొట్టు మనిషి కదా అని. నాన్న కూచోలేదు. వెళ్ళి సరంగు తాత వెనకాల, వరస చివర నిలబడ్డాడు.

సరంగు తాత తిరిగి చూసి, ఆ వణుకులోనే నవ్వాడు. "ఏంటి బాబూ, నువ్వూ నా కడుపున పుడదామనా?"

నాన్న వంతు వచ్చింది. పేరు చెప్పాడు. వయసు చెప్పాడు. ఎన్నాళ్ళ అలవాటు అంటే, "అయిదు నెలలు" అన్నాడు.

డాక్టరు కలం పట్టుకుని ఆగాడు. "మీరు నా చేత అబద్ధం రాయిస్తున్నారు" అన్నాడు గొంతు తగ్గించి.

"పేరొక్కటే అబద్ధం డాక్టరుగారూ. అలవాటు పడ్డ నోరు ఒకటి ఉందన్నది నిజమేగా."

డాక్టరు సంతకం పెట్టాడు. ఇన్‌స్పెక్టరు గారు కాగితం చేతిలోకి తీసుకుని నాన్నని కిందనుంచి పైదాకా చూశారు. తర్వాత నన్ను చూశారు. గుర్తుపట్టారు.

"షావుకారుగారూ, బోర్డు మీద ఆఖరి మాట ఉంది..." అని ఆగారు.

నాకు ఆ మాట కంఠతా వచ్చు. కొట్టు పట్టినవాడు మందు అలవాటు ఉన్నవాడై ఉండరాదు. ఆయన నన్ను చెప్పమంటారేమోనని భయపడి నాన్న పంచె చెంగు పట్టుకున్నాను.

"తెలుసండి" అన్నాడు నాన్న. "తాళాలు తెచ్చాను."

బొడ్లోంచి తాళాలగుత్తి తీసి బల్ల మీద పెట్టాడు. ఇన్‌స్పెక్టరు గారు ఈసారి పిప్పర్మెంటు ఇవ్వలేదు. నా మొహం కూడా చూడలేదు.

ఆ సాయంత్రమే ముద్ర విప్పారు. చీటీ చూపించి, తూయించుకుని, మోదుగాకులో మడిచి ఇంటికి తెచ్చాడు. గడప దాటి లోపలికి. ఆవగింజంత గిల్లి, ఉగ్గుగిన్నెలో పాలలో రంగరించి, తన చిటికెన వేలితో తమ్ముడి నాలిక మీద రాశాడు. వాడు ఆ వేలు చీకుతూ చీకుతూ ఏడుపు ఆపాడు. మా ఇల్లు మూడు రోజుల తర్వాత నిశ్శబ్దంగా అయింది. ఆ నిశ్శబ్దం వింటే నాకు ఏడుపు కంటే ఎక్కువ భయం వేసింది.

వారం వారం డాక్టరు చెప్పినట్టు తగ్గించాడు. ఆవగింజ, సగం ఆవగింజ, గసగసాల గింజ. మిగిలిందంతా పొయ్యిలో వేసేవాడు. కొట్టు ఇంకొకరికి వెళ్ళింది. నాన్న పొద్దున్నే వెళ్ళి తను ఇరవై ఏళ్ళు తెరిచిన కొట్టు అరుగు మీద, తాతల పక్కన చీటీ పట్టుకుని కూచునేవాడు. బడికి వెళుతూ నేను చూసేదాన్ని. అమ్మినవాడే తిన్నాడన్నారు. పిల్లలు నా వెనకాల మత్తుగా తూలుతున్నట్టు నడిచి చూపించేవాళ్ళు. ఒకరోజు ఏడుస్తూ ఇంటికొచ్చి, అందరికీ నిజం చెప్పేస్తానన్నాను.

"చెబితే మామ్మ జైలుకెళుతుంది. వాడికి పేరు పడుతుంది, నల్లమందు పిల్లాడని" అన్నాడు నాన్న. "నాదేముందమ్మా, ముసలాళ్ళ పక్కన కూచోవడమేగా. వాడికెప్పుడూ చెప్పకు."

తమ్ముడికి కింది పళ్ళు రెండూ వచ్చిన వారంలో నాన్న చీటీ తిరిగి ఇచ్చేశాడు. కానీ ఊరు ఇచ్చిన పేరు తిరిగి తీసుకోలేదు. బెల్లపు గానుగలో పద్దులు రాసే పనికి కుదిరి, చివరిదాకా అలాగే ఉన్నాడు. నీళ్ళమామ్మ మాత్రం మళ్ళీ ఏ ఇంట్లోనూ పట్టలేదని చెప్పేది. నిజమో కాదో నాకు తెలీదు. చనిపోయేదాకా నాన్నని చూస్తే లేచి నిలబడేది.

తమ్ముడు ఆ పేరు వింటూ పెరిగాడు. ఎనిమిదేళ్ళకే హాస్టల్లో ఉంటానని వెళ్ళిపోయాడు. నాన్న వాణ్ణి చూడ్డానికి వెళితే తోటమాలి అని చెప్పాడట స్నేహితులతో. నాన్న అదీ నవ్వుతూ చెప్పాడు మాకు. వాడింట్లో నాన్న ఫోటో లేదు. ఇన్నేళ్ళలో నేను ఎన్నిసార్లు నోరు తెరిచి మూసుకున్నానో. మాటిచ్చానని అనుకునేదాన్ని. మాట ఒక్కటే కాదు. ఆ గుడ్డ ఉతికింది నేనని చెప్పాల్సి వస్తుందని కూడా.

ఆదివారం నువ్వు తుమ్ములన్నావు. వాడు రక్తమన్నాడు. ఇంక ఆగలేకపోయాను. మంగళవారం వాడికి ఫోన్ చేశాను. కొడుకు, కోడలు ఆఫీస్‌కి వెళ్ళారు, అపార్ట్‌మెంట్లో ఒక్కడే ఉన్నాడు. మీకు చెప్పినట్టే, ఒక్కటీ వదలకుండా చెప్పాను. అయిపోయాక హీటర్ చప్పుడు మాత్రం వినిపించింది.

"ఎన్నాళ్ళక్కా?" అన్నాడు చివరికి.

"నీకు కింది పళ్ళు వచ్చేదాకా."

ఫోన్ పెట్టేశాడు. బుధవారం చెయ్యలేదు. గురువారం చెయ్యలేదు. తప్పు చేశానేమో, డెబ్భై ఏళ్ళ వాడికి ఇప్పుడు ఇదెందుకు అనుకున్నాను. ఇవాళ పొద్దున్నే చేశాడు. ఎలా ఉన్నావనలేదు.

"ఆ గుడ్డ ఏ రంగక్కా?"

"కాఫీ రంగు. నేను ఉతికాక తెల్లగా అయింది."

నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలీలేదు. "బాగా ఉతికావక్కా" అన్నాడు. తర్వాత, నాన్న ఫోటో నీ దగ్గర ఏదన్నా ఉందా అని అడిగాడు. ఒకటుంది. చేతులు కనపడకుండా ఒళ్ళో పెట్టుకుని కూచున్నది. మీ అమ్మ సాయంత్రం వచ్చాక పంపిస్తానంది.

పెద్దదానా, రేపు శనివారం నువ్వు మళ్ళీ వెళతావు కదా. నీ ఒళ్ళో పసివాడి తల్లి ఎక్కడుందో, వాళ్ళ నాన్న ఏ వరసలో నిలబడ్డాడో మనకి తెలీదు. తెలుసుకోవాలని అడక్కు. వాడు తుమ్మినప్పుడు అక్కడ అనేవాళ్ళు ఎవరూ ఉండరు. నువ్వను. చిరంజీవ అని. ప్రతి తుమ్ముకీ. మా నాయనమ్మలాగా లెక్క తప్పి ఆపెయ్యకు.